మిరపకాయలో పండుఈగ: రాలిన కాయే అసలు లెక్క

(మిరప రైతులు, వ్యవసాయ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ ప్రాంతంలో మిరప గురించి మాట్లాడడానికి ఎవరు నిలబడినా ముందుగా తామర పురుగు గురించే అడుగుతారు. 2021లో వచ్చిపడిన నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల్లో పూతను పూతగానే తినేసి, కాపుకొచ్చిన తోటలను రైతుల చేతనే దున్నించిన సంగతి ఇక్కడున్న వారెవరూ మరచిపోయి ఉండరు కాబట్టి ఆ ప్రశ్న సహజమే. అయినా ఈ రోజు నేను వేరొక పురుగు గురించి, అంటే పండుఈగ గురించి మాట్లాడతాను. మామిడి, జామ, దోస, కాకర తోటల్లో మీరంతా చూసిన ఈగే, లేదా దాని దగ్గరి చుట్టమే, మిరపకాయను కూడా ఆశిస్తుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఎండు మిరప కోసం కాయను చెట్టు మీదే పండనిచ్చి, జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఎండ పొడిలో కోసి కల్లంలో ఆరబెట్టే మన సాగులో పండుఈగ ప్రధాన శత్రువు కాదు. పొడి నేలలో దాని కోశస్థ దశ, అంటే పురుగు మట్టిలో ఈగగా మారే మధ్య దశ, చాలా వరకు ఎండి చచ్చిపోతుంది. ఇండోనేషియాలో పరిస్థితి వేరు. అక్కడ ఎర్ర మిరపను పచ్చిగానే నూరి వాడుకుంటారు కనుక కాయ ఎర్రబడే దాకా తేమ వాతావరణంలో చెట్టు మీదే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఈగ గుడ్లు పెడుతుంది, వానాకాలంలో కాయలు కుప్పలుగా రాలిపోతాయి. మన దగ్గర కూడా వానాకాలపు పచ్చి మిరప, నెట్‌హౌస్‌లలో వేసే క్యాప్సికం, మామిడి తోటల పక్కన, టమాటా, వంగ మడుల పక్కన వేసే మిరప ఆ తరహా పరిస్థితికి దగ్గరగా ఉంటాయి. ఇటువంటి చోట్ల కాయ రాలితే మనం వెంటనే పంపు భుజానికెత్తుకుంటాం. ఈ ఒక్క పురుగు విషయంలో ఆ అలవాటు మనల్ని ఎంతగా మోసం చేస్తుందో వివరించడమే నా ఉద్దేశం.

ఆశించిన కాయను ఎలా గుర్తుపట్టాలో చూద్దాం. కాయ మీద సూదితో గుచ్చినంత చిన్న చుక్క ఉంటుంది. దాని చుట్టూ రంగు కొద్దిగా వెలిసి, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు చేసినట్టు పెద్ద గుండ్రని రంధ్రం గానీ, బయటికి కనబడే విసర్జన గానీ ఉండవు. కాయ పైకి బాగానే కనిపిస్తుంది, కానీ నొక్కితే మెత్తగా తగులుతుంది, తొడిమ దగ్గర వదులవుతుంది. అలాంటి కాయను బ్లేడుతో నిలువుగా చీల్చండి. గింజలను పట్టి ఉంచే తెల్లని దిమ్మ నీరుకారి ఉంటుంది, గింజలు నల్లబడి ఉంటాయి, వాటి మధ్య కాళ్లు లేని, తల అంటూ విడిగా కనిపించని, ఒక కొన సన్నగా మరో కొన మొద్దుగా ఉన్న తెల్లని పురుగులు కదులుతుంటాయి. బాగా ఎదిగిన పురుగును అరచేతిలో వేసుకుంటే తల, తోక కలిపి వంగి ఒక్కసారిగా విడిపోతుంది, ఆ ఊపుకు ఎగిరి దూరంగా పడుతుంది. లద్దె పురుగుకు ఈ గెంతు లేదు. గుర్తు పట్టడానికి ఇంతకు మించిన పరీక్ష అక్కరలేదు. వీటిని గాల్ మిడ్జ్ అనే మరో చిన్న ఈగ చేసే నష్టంతో కలిపి చూడకూడదు. దాని వల్ల పూలు విచ్చుకోవు, కాయలు వంకరపోయి గిటకబారతాయి, అంతే తప్ప కాయలో కుళ్లు ఉండదు.

కారం ఈ పురుగును ఆపదు. ఘాటు ఎక్కువైన రకాల్లో ఈగ పడదని కొందరు అనుకుంటారు గానీ అది నిజం కాదు.

ఇక దాని జీవితం. ఆడ ఈగ తన కడుపు చివరి సూది లాంటి భాగంతో కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు వారం పది రోజులు కాయను లోపలినుంచి తింటాయి. ఈలోగా కాయ రాలిపోతుంది. ఎదిగిన పురుగు రాలిన కాయ నుంచి బయటికి వచ్చి, తడి మట్టిలోకి ఒకటి రెండు అంగుళాల లోతుకు దిగి, అక్కడ గోధుమ రంగు గింజలా మారి కోశస్థ దశలో ఉంటుంది. మరో వారం పది రోజులకు, చలిలో ఇంకా ఆలస్యంగా, కొత్త ఈగ మట్టిని తోసుకుంటూ పైకి వస్తుంది. దాని నుదుటి మీద సంచి లాంటి ఒక భాగం ఉంటుంది; దాన్ని ఉబ్బించి, ముడిచి, మళ్లీ ఉబ్బించి మట్టిని పక్కకు తోస్తుంది. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోండి, రాలిన కాయలను ఎంత లోతున పాతిపెట్టాలో చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికి వస్తాను.

ఈ వరుసలో గుడ్డు, పురుగు రెండూ కాయ గోడ వెనుక ఉన్నాయి. కోశస్థ దశ మట్టిలో ఉంది. పిచికారీ మందు తగిలేది ఒక్క ఎగిరే ఈగకే, అది కూడా మందు చల్లిన సమయానికి తోటలో ఉంటేనే. ఆడ ఈగ రోజంతా మిరప తోటలో ఉండదు. గుడ్లు పెట్టడానికి వచ్చి, మిగతా సమయం పక్కనున్న నీడ మొక్కల్లో, గట్ల మీది పొదల్లో గడుపుతుంది. కాబట్టి వారానికోసారి మందు కొట్టే రైతు ఎక్కువగా చంపేది తోటకు మేలు చేసే పురుగులను. పచ్చి మిరపలో కోతకూ కోతకూ మధ్య ఎడం తక్కువ కాబట్టి, ఆ మందు అవశేషం కాయతోపాటు మార్కెట్టుకు కూడా పోతుంది. తిండిలోకి పచ్చిగా తరిగి వేసుకునే కాయ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

మిరపను ఆశించే ఈగలలో ముఖ్యంగా రెండింటిని తెలుసుకోవాలి. మొదటిది బాక్ట్రోసెరా డోర్సాలిస్. మామిడికి, జామకు వచ్చేది ఇదే. వందల రకాల కాయలు, పండ్లు దీనికి ఆహారం. మిరపలో ఇది ముఖ్యంగా రంగు తిరుగుతున్న కాయను కోరుకుంటుంది. రెండోది బాక్ట్రోసెరా లాటిఫ్రాన్స్. దీని ఇష్టం వంగ కుటుంబం: మిరప, వంగ, టమాటా, వాటితోపాటు గట్ల మీద పెరిగే కామంచి, అడవి వంగ జాతులు. ఇది పచ్చి కాయను కూడా వదలదు. ఆసియాకు చెందిన ఈ ఈగ 1983లో హవాయి దీవుల్లో, 2006లో ఆఫ్రికాలోని టాంజానియాలో బయటపడింది. కాయలతో పాటే ప్రయాణం చేసే పురుగు కాబట్టి దానికి సముద్రం అడ్డు కాలేదు.

ఈ రెండింటి మధ్య తేడా పండితుల గొడవ అనుకోవద్దు. ఈగలను వాసనతో రప్పించి చంపడానికి తోటలో వేలాడదీసే ఎర బుట్ట పని చేస్తుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. ఎందుకో చెప్పాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

బిహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త పనిచేసేవారు. దోమలను తరమడానికి పొరుగువారు వాడిన సిట్రొనెల్లా నూనెకు పండుఈగలు గుంపుగా వచ్చి వాలడం ఆయన దృష్టికి వచ్చింది. 1912లో ఆ సంగతిని ప్రచురించి, ఆ నూనెలో ఈగలను లాగుతున్నది మిథైల్ యూజినాల్ అనే పదార్థమని 1915 నాటికి తేల్చారు. వచ్చినవన్నీ మగ ఈగలేనని కూడా ఆయనే గమనించారు. ఈనాడు ప్రపంచమంతా మామిడి తోటల్లో వేలాడే బుట్టలకు మూలం మన దేశపు ఆ పరిశీలనే అని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. మగ ఈగ ఈ పదార్థాన్ని ఆబగా తింటుంది. దాని శరీరంలో అది మారి ఆడ ఈగను ఆకర్షించే వాసనగా తయారవుతుంది, అందుకే దాని కోసం అంత దూరం ఎగిరి వస్తుంది. కొన్ని రకాల తులసిలో ఇదే పదార్థం ఉంది కాబట్టి తులసి ఆకు నలిపి పెట్టిన బుట్టలోనూ ఈగలు పడతాయి. మన తోటల్లో బుట్టల లోపల పెట్టే ప్లైవుడ్ ముక్కలను ఆల్కహాలు ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, పురుగుమందు ఒక పాలు కలిపిన ద్రావణంలో రెండు మూడు రోజులు నానబెట్టి తయారు చేస్తారు.

ఈ పద్ధతి సాధించిన విజయాలు చాలా పెద్దవి. పసిఫిక్ సముద్రంలో రోటా అనే చిన్న దీవి ఉంది. 1960ల తొలి భాగంలో మిథైల్ యూజినాల్, పురుగుమందు కలిపి నానబెట్టిన చిన్న చిన్న అట్ట ముక్కలను విమానం నుంచి దీవి అంతటా పదే పదే చల్లి, మగ ఈగ అన్నది మిగలకుండా చేసి, డోర్సాలిస్‌ను పూర్తిగా నిర్మూలించారు. స్టైనర్ అనే కీటక శాస్త్రవేత్త బృందం 1965లో ఆ వివరాలు ప్రచురించింది. ఆ బాటలోనే జపాను తన దక్షిణపు దీవులన్నిటినీ ఒక్కొక్కటిగా శుభ్రం చేసుకుంటూ వచ్చి 1986 నాటికి దేశమంతటా ఈ ఈగను లేకుండా చేసుకుంది. అంత కష్టపడి వదిలించుకున్న పురుగును తిరిగి రానివ్వకూడదన్న పట్టుదల వల్లే మన మామిడిని జపాను చాలా ఏళ్లు గుమ్మంలోకి రానివ్వలేదు. చివరికి 2006లో, ఆవిరి వేడితో శుద్ధి చేయాలన్న షరతు మీద, మన బంగినపల్లితో సహా కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది.

అయితే ఆ విజయాలు దీవులవి. ఈగ బయటినుంచి రావడానికి వీలులేని చోట, ఆ దీవినంతా ఒకేసారి, నెలల తరబడి, ఎక్కడా ఖాళీ లేకుండా ఎర వేసినప్పుడు వచ్చిన ఫలితం అది. ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు కాబట్టి, వందలో తొంభై మగ ఈగలు చచ్చినా మిగిలిన పది చాలు, ఆడ ఈగలన్నీ గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతాయి. ఇక ఎకరం మిరప తోటలో నాలుగు బుట్టలు కట్టిన రైతు సంగతి ఆలోచించండి. చుట్టుపక్కల మామిడి తోటల నుంచి మగ ఈగలు వచ్చి బుట్టలు నిండుతాయి. బుట్ట నిండింది కాబట్టి పని జరిగిందని రైతు ఊరట చెందుతాడు. అదే సమయంలో, ఎక్కడో జతకట్టి వచ్చిన ఆడ ఈగ, ఆ బుట్ట వైపు చూడను కూడా చూడకుండా, కాయ మీద వాలి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. నిండిన బుట్ట మన ఊళ్లో ఈగ ఉందని చెబుతుంది. మన కాయ క్షేమంగా ఉందని చెప్పదు.

లాటిఫ్రాన్స్ విషయంలో దీనికి సరిగ్గా తిరగబడిన ప్రమాదం ఉంది. ఆ ఈగ మగది మిథైల్ యూజినాల్‌కు రాదు. దాన్ని ఆకర్షించేది ఆల్ఫా అయోనాల్ అనే వేరే పదార్థం, అది కూడా మిథైల్ యూజినాల్ అంత బలంగా లాగదు. అంటే బుట్ట ఖాళీగా వేలాడుతుంటుంది, తోటలో కాయలు రాలుతుంటాయి, రైతు మాత్రం ఇది ఈగ కాదేమో, తెగులేమో అనుకుని శిలీంధ్రనాశిని కొంటాడు. దోస, కాకర తోటల్లో వాడే క్యూ లూర్ అనే ఎర పదార్థం కూడా ఇక్కడ పనికిరాదు. అందుకే బుట్టలు మానెయ్యమని అనడం లేదు గానీ, బుట్టను నమ్మి కాయను చూడడం మానెయ్యకండి అని గట్టిగా చెబుతున్నాను. వారానికి ఒకసారి తోటలో పలు చోట్ల రాలిన కాయలు ఏరి, చీల్చి, ఎన్నింటిలో పురుగు ఉందో చూడండి. ఆ లెక్కను మించిన సాక్ష్యం ఇంకొకటి లేదు.

నివారణలో మొదటి పని, నా అంచనాలో సగానికి పైగా పని, రాలిన కాయను ఏరడమే. ఎందుకంటే గుడ్డు నుంచి ఈగ దాకా సాగే దారిలో మన చేతికి చిక్కే దశ ఇదొక్కటే. పురుగు ఉన్న ప్రతి కాయా రేపటి ఈగల పుట్టిల్లు. దాన్ని మట్టి తాకకముందే తీసేస్తే ఒక తరం ఆగిపోతుంది. ఇది మాటల్లో తేలిక, చేతల్లో కష్టం, ఆ కష్టం ఎక్కడుందో మనం నిజాయితీగా చూడాలి. చాలా చోట్ల మిరప కోతకు కూలి కిలో లెక్కన ఇస్తాం. కుళ్లిన కాయ ఏరడం వల్ల కోతకు వచ్చిన ఆడవారికి ఒక్క రూపాయి రాదు, పైగా సమయం పోతుంది. కాబట్టి వారు దాన్ని కాలితో పక్కకు జరిపి ముందుకు వెళతారు. అందులో వారి తప్పేమీ లేదు. ఆ పనికి విడిగా కూలి ఇచ్చి, రెండో సంచి చేతికిచ్చి, మెత్తబడిన కాయ, చుక్క ఉన్న కాయ, నేలరాలిన కాయ అందులో వేయించాలి. పురుగుమందుకు పెట్టే ఖర్చులో ఒక భాగాన్ని ఈ కూలి వైపు తిప్పిన రైతుకు నష్టం రాదని నేను నమ్మకంగా చెప్పగలను.

ఏరిన కాయను ఏం చేయాలి? గట్టు మీద పోసినా, పెంటకుప్పలో వేసినా, కాలువలో విసిరినా ఏరనట్టే లెక్క. పురుగు కాయను వదిలి పక్క మట్టిలోకి దిగుతుంది, అంతే. మార్కెట్టుకు తీసుకెళ్లే ముందు ఏరి పారబోసే తాలు కాయలకూ ఇదే వర్తిస్తుంది. మందమైన ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, వారం పది రోజులు నేరుగా ఎండలో ఉంచితే మన ఎండలకు లోపలి పురుగు చచ్చిపోతుంది. పాతిపెట్టాలంటే కనీసం రెండడుగుల లోతు గొయ్యి తీసి, పైన మట్టిని తొక్కి గట్టిపరచాలి. జానెడు లోతులో పాతితే, ఇందాక చెప్పిన నుదుటి సంచితో ఈగ మట్టిని తోసుకుని పైకి వచ్చేస్తుంది.

హవాయిలో దీనికి మరొక మంచి ఏర్పాటు చేశారు. సన్నని వల గుడ్డతో చిన్న గుడారం కుట్టి, ఏరిన కాయలన్నీ అందులో వేస్తారు. పుట్టిన ఈగ వల కన్నులోంచి దూరలేదు, లోపలే చచ్చిపోతుంది. కానీ ఈగ గుడ్లలో తన గుడ్లు పెట్టి దాన్ని చంపే సన్నని కందిరీగ జాతి పురుగు మాత్రం ఆ కన్నులోంచి బయటికి వెళ్లి తోటలో పని చేస్తుంది. ఫోపియస్ అరిసానస్ అనే ఆ మిత్రపురుగును 1940ల చివర ఆసియా నుంచి హవాయికి తీసుకెళ్లారు, అక్కడ డోర్సాలిస్ ఉధృతి తగ్గడంలో దాని పాత్ర పెద్దది. మనం విచ్చలవిడిగా చల్లే మందుకు ముందుగా బలయ్యేది ఇటువంటి పురుగులే.

రెండో పని విషపు ఎర. మట్టిలోంచి వచ్చిన ఆడ ఈగ వెంటనే గుడ్లు పెట్టలేదు. దానికి మొదటి వారం పది రోజులు మాంసకృత్తులున్న ఆహారం కావాలి. ఆకుల మీది సూక్ష్మజీవులు, పక్షుల రెట్టలు, పేనుబంక విసర్జించే తీపి జిగురు వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ ఆకలే మనకు దొరికిన అవకాశం. మాంసకృత్తుల ఎరలో, అది దొరకని చోట బెల్లపు నీటిలో, చాలా కొద్ది మోతాదులో పురుగుమందు కలిపి, తోటంతా తడపకుండా అక్కడక్కడ పెద్ద చుక్కలుగా చల్లితే ఈగ తనంతట తానే వచ్చి తిని చస్తుంది. స్పైనోసాడ్ అనే పురుగుమందు కలిపిన తయారీ ఎరలు ఇతర దేశాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. మన దగ్గర ఏ మందు, ఎంత అన్నది వ్యవసాయ శాఖ ఆ పంటకు ఆ ఏడాది అనుమతించిన జాబితా చూసే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే పాత సిఫారసుల్లోని కొన్ని మందులకు ఇప్పుడు కూరగాయలపై అనుమతి లేదు.

ఈ ఎరను ఎక్కడ చల్లాలన్నది ఎంత ముఖ్యమో చాలామంది గ్రహించరు. రసం పీల్చే పురుగులను అడ్డుకోవడానికి మిరప చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయమని మనకు ఎప్పటినుంచో సలహా ఉంది. పండుఈగ నీడ కోసం చేరేది అటువంటి ఎత్తైన మొక్కల్లోనే. కాబట్టి ఎర చుక్కలను ఆ అంచు వరుసల ఆకుల అడుగు భాగాన చల్లండి. మందు కాయను తాకదు, తోటలోని మిత్రపురుగులకు హాని తగ్గుతుంది, ఈగ మాత్రం తప్పించుకోలేదు. వాన పడితే ఎర కడుక్కుపోతుంది, మళ్లీ వేయాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పచ్చి మిరపను ఎర్రబడనివ్వకుండా వేళకు కోయడం వల్ల డోర్సాలిస్‌కు అవకాశం తగ్గుతుంది. గట్ల మీది కామంచి, అడవి వంగ మొక్కలను కాయ పట్టకముందే పీకాలి. సాళ్ల మధ్య మట్టిని పైపైన గుల్ల చేస్తే కోశస్థ దశ ఎండకు, పక్షులకు, చీమలకు చిక్కుతుంది. నెట్‌హౌస్‌లో క్యాప్సికం వేసేవారు వల చిరుగులను, తలుపును చూసుకుంటే చాలా వరకు సమస్య లోపలికి రాదు.

ఒక్కడుగా చేసినవాడికి వీటి ఫలితం సగమే. హవాయిలో 1999 తరువాత దాదాపు పదేళ్లపాటు నడిచిన ప్రాంతీయ కార్యక్రమంలో తోట పరిశుభ్రత, ఎర, మగ ఈగల బుట్టలు, మిత్రపురుగులు అన్నిటినీ పొరుగు తోటలు, ఇళ్ల పెరళ్లు కలిపి ఒకేసారి అమలు చేశారు. మందుల వాడకం తగ్గి, మానేసిన పంటలను కొందరు రైతులు తిరిగి వేయగలిగారు. మన ఊళ్లలో నీటి వంతులకు కలిసి కూర్చున్నట్టే ఈ పనికీ కూర్చోవచ్చు. మామిడి రైతు, వంగ రైతు, మిరప రైతు ముగ్గురూ రాలిన కాయను ఒకే వారంలో ఏరడం మొదలుపెడితే చాలు.

చివరిగా పంట అయిపోయిన తోట గురించి. ధర పడిపోయినప్పుడు ఆఖరి కోతలు వదిలేసి, చెట్టు మీద నాలుగు కాయలు ఉండగానే రైతు మరో చేనులోకి వెళ్లిపోతాడు. కూలి గిట్టని కోతకు ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ వదిలేసిన తోటలో నెలల తరబడి కాయ పండుతూ, రాలుతూ ఉంటుంది, తొలకరి తడికి అక్కడినుంచి లేచిన ఈగలే కొత్త మడుల మీద, పక్క తోటల మీద పడతాయి. ఆఖరి కోత అయిన వారంలోపే కాయలు దులిపి, ఏరి, సంచుల్లో కట్టి ఎండబెట్టి, ఆ తరువాతే మోళ్లు పీకించి లోతు దుక్కి దున్నండి. కాయలు ఏరకుండా ట్రాక్టరు పెడితే పురుగును మన చేతులతోనే మట్టిలోకి చేర్చినట్టవుతుంది.